బంతి చేతిలో లేనప్పుడు

పోయిన చలికాలంలో ఒక శనివారం మా అక్క కొడుకుని తీసుకుని కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్ళాను. మేముండేది నార్త్ కరోలినాలో. ఇక్కడ పెద్ద కాలేజీ జట్ల టికెట్లు కొనాలంటే జేబు చూసుకోవాలి, అదే గంట దూరంలో ఉన్న చిన్న కాలేజీకి వెళ్తే కొద్ది డబ్బుతో కోర్టుకి ఆనుకున్నట్టే కూర్చోవచ్చు, ఆటగాళ్ళ బూట్లు నేలమీద కీచుమనడం కూడా వినబడుతుంది. మా వాడికి పదహారేళ్ళు, స్కూలు జట్టులో ఆడతాడు, లెక్కలంటే పిచ్చి, మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో ఫోన్‌లో చూస్తూనే ఉంటాడు. మేం గంట ముందే వెళ్ళినా మా పక్క సీట్లో అప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో ఒక మామూలు నోట్‌బుక్కు. ఆటగాళ్ళు ఇంకా ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు, ఆయన అప్పుడే ఏదో రాసుకుంటున్నాడు.

ఆ రోజు ఆయన చూడటానికి వచ్చింది ఒకే ఒక్క కుర్రాడిని. అది మాకు పావుగంటలో అర్థమైంది, ఎందుకంటే బంతి ఎటు పోయినా ఆయన తల ఆ కుర్రాడి వైపే తిరిగి ఉండేది. అందరం బుట్ట వైపు చూస్తుంటే ఆయన అవతలి కొసన ఆ కుర్రాడు ఎలా నిలబడ్డాడో చూస్తున్నాడు. షాట్ పోయాక వెనక్కి పరిగెత్తాడా, నడిచాడా. కోచ్ బయటికి పిలిస్తే బెంచీ మీద ఎవరి పక్కన కూర్చున్నాడు, టైమవుట్‌లో కోచ్ మాట్లాడుతుంటే కళ్ళు ఎక్కడున్నాయి. విరామంలో మా వాడు ఉండబట్టలేక "వాడు అప్పుడే పదహారు కొట్టేశాడు కదండీ" అన్నాడు ఆయనతో. ఆయన నవ్వి, ఆ పదహారూ సాయంత్రానికి తన కంప్యూటర్‌లోకి వాటంతటవే వచ్చేస్తాయనీ, వాటికోసమైతే ఇంత దూరం రావక్కర్లేదనీ, కంప్యూటర్‌లోకి రానిదాని కోసమే వచ్చాననీ చెప్పాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఏ జట్టు తరఫున వచ్చాడో అడిగితే మాట మార్చేశాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ప్రతి ఏడూ ఎన్‌బీఏ (ఇక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ అయిన మర్నాడు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఒకటే గొడవ: అన్ని పాయింట్లు కొట్టినవాడిని వదిలేసి ఎవడినో ఊరూ పేరూ లేనివాడిని ఎలా తీసుకున్నారు, వీళ్ళకు కళ్ళున్నాయా అని. నేనూ చాలా ఏళ్ళు ఆ గొడవలో గొంతు కలిపాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. కాలేజీ ఆటగాడి దగ్గర ఎన్‌బీఏ స్కౌట్ (జట్టు కోసం ఆటగాళ్ళను చూసి వచ్చేవాడు) వెతకాల్సింది, మంచి స్కౌట్ నిజంగా వెతికేది, ఒక్కటే ప్రశ్నకు జవాబు అనుకుంటున్నాను: వీడి చేతిలోంచి బంతి తీసేస్తే వీడిలో ఏం మిగులుతుంది?

అందరూ రాజులే వచ్చే చోటు

కాలేజీ ఆటలో పై మెట్టు అయిన డివిజన్ వన్‌లో జట్లు 360 దాకా ఉన్నాయి. ప్రతి జట్టుకీ ఒక రాజు ఉంటాడు, ఆట వాడి చుట్టూ తిరుగుతుంది, ఆఖరి షాట్ వాడిదే. డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపితే మహా అయితే 60 పేర్లు, అందులో యూరప్ నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వచ్చేవాళ్ళు కొందరు. వెళ్ళేది ఎక్కడికి? ముప్ఫై జట్లు, జట్టుకి పదిహేను మంది, ఆ పదిహేను మందిలో ప్రతివాడూ ఎక్కడో ఒకచోట రాజుగా వెలిగినవాడే. కానీ కోర్టులో ఉన్నది ఒక్క బంతి. అది ఎక్కువసేపు ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటుంది. మిగతావాళ్ళంతా జీవితంలో మొదటిసారి బంతి లేకుండా బతకడం నేర్చుకోవాలి. పన్నెండేళ్ళ వయసు నుంచీ "నీకే ఇస్తాం, నువ్వే వెయ్యి" అని విన్న కుర్రాడికి అది ఎంత కష్టమో ఆలోచించండి.

పైగా ఆట కూడా ఒకటి కాదు. కాలేజీలో త్రీ పాయింట్ గీత 22 అడుగుల చిల్లర దూరంలో ఉంటే ఎన్‌బీఏలో 23 అడుగుల 9 అంగుళాలు. బుట్ట కింద రంగు వేసిన చోటు వెడల్పు కాలేజీలో 12 అడుగులు, అక్కడ 16. షాట్ వేయడానికి ఇక్కడ 30 సెకన్లు, అక్కడ 24. అన్నిటికన్నా పెద్ద తేడా, ఎన్‌బీఏలో డిఫెన్స్ చేసేవాడు ఎవరినీ కాపలా కాయకుండా బుట్ట కింద మూడు సెకన్లకు మించి నిలబడకూడదు, కాలేజీలో ఆ నియమం లేదు, పొడుగు మనిషి హాయిగా గుంజలా పాతుకుపోవచ్చు. ఇదంతా కలిపితే కాలేజీలో మహావీరుడిలా కనబడినవాడు అక్కడ ఖాళీ మైదానంలో ఒంటరిగా చిక్కుకుపోతాడు.

ఆస్కార్ షీబ్వే సంగతి చూడండి. 2021-22లో కెంటకీకి ఆడుతూ మ్యాచ్‌కి సగటున 15 రీబౌండ్లు (గురి తప్పి బుట్ట నుంచి వెనక్కొచ్చే బంతులు) పట్టాడు, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడన్నారు. ఇంకో ఏడాది ఆడి 2023లో డ్రాఫ్ట్‌కి వెళ్తే ఎక్కడా పేరు రాలేదు. అంతకు ముందు ఏడాది అదే గౌరవం అందుకున్న అయోవా ఆటగాడు లూకా గార్జా 52వ వాడిగా పోయాడు. అప్పట్లో నాకు ఇది అన్యాయంగా తోచింది. తర్వాత ఎన్‌బీఏ మ్యాచులు ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాక తెలిసింది. అవతలి జట్టు గార్డు (బంతి నడిపే చురుకైన ఆటగాడు) స్క్రీన్ వాడుకుని, అంటే తన జట్టువాడిని కాపలావాడి దారికి అడ్డంగా నిలబెట్టుకుని, బయటికి లాగితే, బుట్ట నుంచి ఇరవై అయిదు అడుగుల దూరంలో తనకన్నా రెండింతలు చురుకైనవాడి ఎదుట నిలబడాలి పొడుగు మనిషి. ఒకసారి కాదు, అదే పని పది సార్లు చేస్తారు, బలహీనత దొరికితే వదలరు. రీబౌండ్లు పట్టే గొప్పతనం అక్కడ చేతికి అందదు.

జిమర్ ఫ్రెడెట్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2010-11లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ తరఫున మ్యాచ్‌కి 28.9 పాయింట్లు, దేశంలో అందరికన్నా ఎక్కువ, మధ్య గీత దాటగానే వేసేసేవాడు, పడేవి. పదో స్థానంలో తీసుకున్నారు. ఎన్‌బీఏలో నిలవలేదు. తర్వాత చైనా వెళ్ళి షాంఘైకి ఆడితే మళ్ళీ అదే జిమర్, అవే పాయింట్ల వర్షం. మనిషి మారలేదు, ఆట మరిచిపోలేదు. బంతి మళ్ళీ చేతికొచ్చింది, అంతే. ఎన్‌బీఏలో ఏ జట్టూ తన దాడి మొత్తాన్ని అతని చేతిలో పెట్టదు, పెట్టనప్పుడు అతను డిఫెన్స్‌లో నష్టం, మూల నిలబడితే మామూలు షూటర్. 28.9 అన్న అంకె ఈ సంగతి చెప్పలేదు.

సున్నా పాయింట్ల మ్యాచ్

ఇక్కడ స్టెఫెన్ కరీ కథ చెప్పకుండా ముందుకు పోలేను, అందులోనూ అతను ఆడిన డేవిడ్సన్ కాలేజీ మాకు కారులో రెండు మూడు గంటల దూరం. అందరికీ గుర్తుండేది 2008 మార్చిలో జాతీయ టోర్నమెంట్: గొంజాగా మీద 40 పాయింట్లు, తర్వాత జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ మీద గెలుపు, ఆఖరికి కాన్సస్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓటమి. నాకు మాత్రం ఆ ఏడాది నవంబరులో జరిగిన ఇంకో మ్యాచ్ ముఖ్యం. మేరీల్యాండ్ నుంచి లయోలా జట్టు వచ్చింది. వాళ్ళ కోచ్ ఏం చేశాడంటే మ్యాచ్ మొత్తం కరీ మీద ఇద్దరిని పెట్టాడు, బంతి ఎక్కడున్నా సరే ఆ ఇద్దరూ కరీని వదలరు. ఆ సీజన్‌లో దేశం మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టబోతున్న కుర్రాడు. ఏం చేశాడు? వెళ్ళి మూల నిలబడ్డాడు. మిగతా నలుగురికీ ఎదురు ముగ్గురే మిగిలారు. కరీ మొత్తం మూడు షాట్లు వేశాడు, ఒక్కటీ పడలేదు, సున్నా పాయింట్లు. డేవిడ్సన్ 78-48తో గెలిచింది.

ఇరవై ఏళ్ళ కుర్రాడు, స్కౌట్లు ప్రతి మ్యాచ్‌కీ వచ్చి కూర్చుంటున్న ఏడాది. పాయింట్లు కొడితేనే డబ్బు అని అందరూ చెప్పే వయసు. అలాంటప్పుడు అలకపూనకుండా, ఇద్దరి మధ్యలోంచి దూరి వెర్రి షాట్లు వేయకుండా, నలభై నిమిషాల ఆటలో మూల నిలబడటం ఎంతమందికి చేతనవుతుంది? ఎన్‌బీఏలో అతని జట్టు వారియర్స్ తర్వాత ఏళ్ళ తరబడి ఆడిన ఆట దాదాపు ఇదే. కరీ బంతి వదిలేసి పరిగెడతాడు, ఇద్దరు వాడి వెనకాల పోతారు, మిగిలినవాడు బుట్ట కింద ఖాళీగా దొరుకుతాడు. నాలుగు టైటిళ్ళు అలా వచ్చాయి.

2009 డ్రాఫ్ట్‌లో అతని ముందు ఆరుగురు పోయారు. రెండో స్థానంలో హషీమ్ థబీత్, ఏడడుగుల మూడంగుళాల మనిషి, అయిదు సీజన్లలో కథ ముగిసింది. మిన్నెసోటాకి వరసగా అయిదూ ఆరూ దొరికితే రెండింటికీ పాయింట్ గార్డులనే (జట్టు ఆటను నడిపించేవాళ్ళు) తీసుకుంది, కరీని కాదు. సన్నగా ఉన్నాడు, ఎగరడు, పాయింట్ గార్డా షూటింగ్ గార్డా తేలట్లేదు అన్నారు. నిజం చెప్పాలంటే అవన్నీ అబద్ధాలు కావు. సన్నగానే ఉన్నాడు. ఎగరడు కూడా. ఆ సున్నా పాయింట్ల రాత్రి బంతి లేకుండా అతను చేసినదానికి మాత్రం వాళ్ళ కాగితంలో గడి లేదు.

టేపుతో కొలిచేవి

మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. ఎనిమిదో తరగతిలో బాస్కెట్‌బాల్ జట్టు కోసం సెలక్షన్స్ పెట్టారు. పీఈటీ సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. గీత దాటినవాళ్ళు ఇటు, దాటనివాళ్ళు అటు. అటున్నవాళ్ళు ఖోఖోకి. బంతి ఎవరికీ ఇవ్వలేదు. నేను గీత దాటాను. నా స్నేహితుడు దాటలేదు. సాయంత్రాలు మేం ఆడుకునేటప్పుడు అవతలివాడు పాస్ విసరకముందే అది ఎటు వస్తుందో వాడికి తెలిసిపోయేది, చెయ్యి అడ్డం పెట్టి లాగేసుకునేవాడు, మాలో ఇంకెవరికీ రాని విద్య అది. వాడు ఖోఖోకి వెళ్ళాడు. తర్వాత రెండేళ్ళూ మా జట్టులో పొడుగు పిల్లలం ఎనిమిది మందిమి బంతి కోసం ఒకరి మీద ఒకరం పడుతుండేవాళ్ళం, జిల్లా పోటీల్లో మొదటి రౌండ్ దాటలేదు. వాడు గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఆ గీత మీద నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్ళను కొలిచి పరీక్షించడానికి చికాగోలో మే నెలలో జరిగే కంబైన్ గురించి మొదట చదివినప్పుడు నాకు సుద్దముక్కే గుర్తొచ్చింది. బూట్లు విప్పించి ఎత్తు, చేతులు బార్లా చాపించి ఆ కొస నుంచి ఈ కొసకు బార, చెయ్యి పైకెత్తి అందే ఎత్తు, అరచేతి వెడల్పు, పరుగెత్తి ఎగిరిన ఎత్తు. ఒకప్పుడు 185 పౌన్ల బరువు ఎన్నిసార్లు ఎత్తగలరో కూడా లెక్కపెట్టేవాళ్ళు, 2007లో కెవిన్ డ్యురాంట్ దాన్ని ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు, ఆ ముచ్చట తర్వాత ఎవరికీ అక్కరకు రాలేదు.

కానీ ఇక్కడ నన్ను నేను సరిదిద్దుకోవాలి, ఎందుకంటే చాలాకాలం కొలతలన్నిటినీ ఒకే గాటన కట్టాను. బరువు ఎత్తడం వేరు, బార వేరు. మామూలు మనిషికి ఎత్తూ బారా దాదాపు సమానం. ఎన్‌బీఏ ఆటగాళ్ళకు బార చాలా అంగుళాలు ఎక్కువ ఉంటుంది. ఆ అంగుళాలు ఎక్కడ పనికొస్తాయి? పాస్ మధ్యలో వేలు తగిలించడానికి, ఒక అడుగు ఆలస్యమైనా షాట్‌కి చెయ్యి అడ్డం పెట్టడానికి, రెండు దిక్కులా ఇద్దరిని ఒకడే కాపలా కాయడానికి. అంటే బార అనేది బంతి చేతిలో లేనప్పుడు పనిచేసే కొలత. సాంటా క్లారా అనే చిన్న కాలేజీలో మూడేళ్ళు ఆడిన జేలెన్ విలియమ్స్ 2022 కంబైన్‌కి పెద్దగా పేరు లేకుండా వెళ్ళాడు. ఎత్తు ఆరడుగుల నాలుగున్నర అంగుళాలు, బార చూస్తే ఏడడుగుల రెండంగుళాల పైన. ఆ నెలలోనే పైకి పాకి 12వ స్థానంలో ఓక్లహోమా సిటీకి వెళ్ళాడు, మూడేళ్ళు తిరిగేసరికి ఛాంపియన్ జట్టులో రెండో మనిషి. టేపు అబద్ధం చెప్పలేదు.

డ్రేమాండ్ గ్రీన్ దగ్గర మాత్రం టేపు ఒకచోట ఒకలా చెప్పింది, ఇంకోచోట ఇంకోలా చెప్పింది. బుట్ట దగ్గర ఆడే పవర్ ఫార్వర్డ్‌కి పొట్టి, పక్క అంచుల్లో ఆడే వింగ్‌కి నెమ్మది. మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడాడు, అంటే స్కౌట్ల లెక్కలో వయసు మీరిపోయినట్టే. బార మాత్రం ఏడడుగులు దాటింది. 2012లో 35వ వాడిగా తీసుకున్నారు, తీసుకున్న వారియర్స్ కూడా ఆ రాత్రే అతనికన్నా ముందు ఇద్దరిని తీసుకుంది, హారిసన్ బార్న్స్‌ని ఏడో స్థానంలో, ఫెస్టస్ ఎజీలీని ముప్ఫయ్యో స్థానంలో. డ్రేమాండ్ ఏం చేస్తాడు? స్క్రీన్ పెడతాడు, అరిచి అందరినీ సర్దుతాడు, ఎవరు ఎటు కదలబోతున్నారో వాళ్ళకన్నా ముందు తెలుసుకుంటాడు. నా ఖోఖో స్నేహితుడిని చూసినట్టు ఉంటుంది నాకు.

డాలస్ నుంచి వచ్చిన అభ్యంతరం

ఈ వాదన మొదట డాలస్‌లో ఉండే ఒక స్నేహితుడి ముందు పెట్టాను. వాడు నాకన్నా ఎక్కువ మ్యాచులు చూస్తాడు. వాడన్నది ఇది: "నువ్వు చెప్పేది ఎనిమిదో మనిషిని వెతకడానికి బాగుంటుంది రా. మొదటి అయిదు స్థానాల్లో ఎవడైనా ఎనిమిదో మనిషి కోసం చూస్తాడా? ఆట మొత్తం భుజాన వేసుకునేవాడు కావాలి. స్క్రీన్లు పెట్టేవాళ్ళు ఏ సంవత్సరమైనా తక్కువ జీతానికి దొరుకుతారు."

ఇది బలమైన మాటే. పైగా వాడి ఊరి జట్టే దీనికి సాక్ష్యం. జేలెన్ బ్రన్సన్ విలనోవాతో రెండు జాతీయ టైటిళ్ళు గెలిచి, 2018లో దేశంలో ఉత్తమ ఆటగాడై కూడా 33వ స్థానంలో డాలస్‌కి వచ్చాడు. ఆరడుగుల పైన ఒకటి రెండు అంగుళాలు, ఎగరడు, వేగం లేదు. నాలుగేళ్ళు డాలస్‌లో ఎక్కువగా అప్పటి ఆ జట్టు రాజు లూకా డాన్సిక్ పక్కన, డాన్సిక్ చేతిలో బంతి ఉండగా ఆడాడు. 2022లో న్యూయార్క్ వెళ్ళాక బంతి అతని చేతికి వచ్చింది, ఇవాళ లీగ్‌లో ఆఖరి నిమిషాల్లో అతనికన్నా భయపెట్టేవాళ్ళు తక్కువ. అంటే బంతి ఉన్నప్పుడే అతని గొప్పతనం బయటపడింది, కాలేజీ అంకెలే నిజం చెప్పాయి, స్కౌట్లు కాళ్ళు చూసి మోసపోయారు. నా ప్రశ్న వేసుకుని ఉంటే బ్రన్సన్ దొరికేవాడా?

దొరికేవాడనే అనుకుంటాను, ఎందుకంటే విలనోవాలో మొదటి ఏడాది అతను ఇంకో సీనియర్ గార్డు పక్కన రెండో వాడిగా ఆడి, అప్పుడూ టైటిల్ గెలిచాడు. కానీ ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి, ఇది వెనక్కి తిరిగి చూసి చెబుతున్న మాట. జరిగిపోయాక ఎవరైనా దారాలు కలపగలరు. 2013లో క్లీవ్‌ల్యాండ్ మొదటి స్థానంలో, తర్వాత లీగ్‌లో నిలవని ఆంథనీ బెన్నెట్‌ని తీసుకున్న రాత్రి అక్కడ గదిలో ఉన్నవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు, అదే రాత్రి పద్నాలుగు జట్లు, తర్వాత లీగ్‌లో మేటి ఆటగాడైన యానిస్‌ని దాటవేశాయి. నేనా గదిలో ఉంటే వేరే పేరు చెప్పేవాడినన్న ధీమా నాకు లేదు.

నా స్నేహితుడి మాటకు నా దగ్గర ఉన్న అసలు జవాబు కెంటకీ నుంచి వస్తుంది. 2014-15 కెంటకీ జట్టులో డెవిన్ బుకర్ ఒక్క మ్యాచ్ కూడా మొదటి అయిదుగురిలో ఒకడిగా మొదలుపెట్టలేదు. బెంచీ మీద నుంచి వచ్చి సగటున 10 పాయింట్లు. 13వ స్థానంలో పోయాడు. రెండేళ్ళ తర్వాత, 2017 మార్చిలో, బోస్టన్ మీద ఒక్క రాత్రిలో 70 కొట్టాడు. షే గిల్జస్-అలెగ్జాండర్ కూడా అక్కడ సీజన్ మొదట్లో బెంచీయే, 11వ స్థానంలో పోయాడు, 2025లో లీగ్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు. నక్షత్రాలు ఎప్పుడూ బంతి పట్టుకునే కనబడవు. అందరూ బాగా ఆడే జట్టులో ఒకడు తగ్గి ఉన్నప్పుడు, తగ్గిన చోట కూడా పాదాలు సరిగ్గా ఉన్నాయా, అందిన బంతిని ఆలోచించకుండా సరిగ్గా వాడుతున్నాడా అని చూసేవాడికి ఆ కుర్రాడి అసలు పరిమాణం దొరుకుతుంది. పాయింట్లు లెక్కపెట్టేవాడికి పది అనే అంకె మాత్రమే దొరుకుతుంది.

అంకెల్లో కూడా అన్నీ ఒకటి కావు, ఇది పక్కన చెప్పాల్సిన మాట. కాలేజీ కుర్రాడు రేపు మంచి షూటర్ అవుతాడా అని చూడటానికి త్రీ పాయింటర్ల శాతం కన్నా ఫ్రీ త్రో శాతాన్ని ఎక్కువ నమ్మేవాళ్ళు చాలామంది. ఒక సీజన్‌లో వేసే త్రీలు కొద్ది, అదృష్టం పాలు ఎక్కువ, ఫ్రీ త్రో దగ్గర ఎవరూ అడ్డం రారు, చెయ్యి ఎలా ఉందో తెలిసిపోతుంది. శాన్ డియేగో స్టేట్‌లో క్వాయ్ లెనర్డ్ త్రీలు నాలుగింట ఒకటి పడేవి, ఫ్రీ త్రోలు మాత్రం నాలుగింట మూడుకు దగ్గర. 15వ స్థానంలో పోయిన అతన్ని శాన్ ఆంటోనియో ఇంకో జట్టుతో ఆటగాళ్ళ మార్పిడిలో తెచ్చుకుని, షూటింగ్ కోచ్ చిప్ ఎంగిలండ్ దగ్గర కూర్చోబెట్టి చెయ్యి సరిచేయించింది. 2014 ఫైనల్స్ ఎంవీపీ. ఏడడుగుల మూడంగుళాల బార ముందే ఉంది, అదెవరూ నేర్పేది కాదు. నేర్పగలిగింది ఏది, నేర్పలేనిది ఏది అని విడదీయడంలోనే సగం పని ఉంది.

నాకు నచ్చని భాగం

స్కౌట్ల పనిలో ఇంకో సగం ఫోన్ల మీద నడుస్తుంది. కోచ్‌కి చేస్తారు, కోచ్ ఎలాగూ పొగుడుతాడు కాబట్టి జిమ్‌లో బరువులు ఎత్తించేవాడికి, తువ్వాళ్ళు అందించే స్టూడెంట్ మేనేజర్‌కి, హైస్కూల్ టీచర్‌కి కూడా చేస్తారు. పొద్దున్నే వస్తాడా, ఓడిన రాత్రి ఎలా ఉంటాడు, ఇంట్లో ఎవరెవరు. జిమీ బట్లర్ లాంటివాళ్ళకు ఇది మేలు చేసింది. పదమూడేళ్ళకే ఇల్లు లేకుండా పోయి, జూనియర్ కాలేజీలో ఏడాది ఆడి, మార్కెట్ (Marquette) యూనివర్సిటీలో మొదటి ఏడాది మ్యాచ్‌కి ఆరు పాయింట్లు కూడా కొట్టనివాడు. 2011లో వర్జీనియాలో సీనియర్ల కోసం జరిగే పోర్ట్స్‌మత్ టోర్నమెంట్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచి, మొదటి రౌండ్ చివరి పేరుగా, 30వ స్థానంలో చికాగోకి వెళ్ళాడు. పాతికేళ్ళ ముందు అదే టోర్నమెంట్ నుంచి డెనిస్ రాడ్‌మన్ 27వ స్థానంలో వచ్చాడు, ఆ తర్వాత ఏడేళ్ళు వరసగా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ రీబౌండ్లు పట్టాడు. బంతి చేతిలో లేకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాలంటే ఎలాగో తెలియాలంటే రాడ్‌మన్‌ని చూడాలి.

కానీ బంతి లేనప్పుడు ఏం చేస్తున్నాడని చూడటంలో చూసేవాడి మనసు కూడా కలుస్తుంది, నా వాదనలో నాకే భయం పుట్టించే చోటు ఇదే. పాయింట్ల అంకె నల్లవాడా తెల్లవాడా, మాటకారా మౌనమా అని చూడదు. నోట్‌బుక్కు చూస్తుంది. బెంచీ మీద తల దించుకున్నవాడు పొగరుబోతా, సిగ్గరా, ఇంట్లో అమ్మకు బాగోలేదా? మా ఇళ్ళలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు కళ్ళల్లోకి చూడరు, అది మర్యాద. ఇక్కడి కోచ్‌కి అదే వినకపోవడంలా కనబడుతుంది, మా వాడి విషయంలో ఒకసారి అలా జరిగింది కూడా. ఒక మ్యాచ్ చూసి మనిషి గుణం రాసేయడం సుద్దగీతకన్నా ఏం నయం? పది మ్యాచులు చూడాలి, పది మందిని అడగాలి, రాసుకున్నది కొట్టేసే ధైర్యం ఉండాలి. ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడు కొంచెం వీలు దొరికిందనే చెప్పాలి. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు కాబట్టి రెండో రౌండ్‌లో పోయేవాళ్ళు తొందరపడి వెళ్ళకుండా ఇంకో ఏడాది ఆగుతున్నారు, జట్లు కూడా మారుతున్నారు. ఒకే కుర్రాడిని ఒక జట్టులో రాజుగా, ఇంకో జట్టులో నాలుగోవాడిగా చూసే వీలు స్కౌట్‌కి ఇంతకు ముందు ఇంతగా లేదు.

మా వాడి మ్యాచ్

ఆ శనివారం తర్వాత మూడు వారాలకు మా అక్క కొడుకు స్కూల్ మ్యాచ్ ఉంటే నోట్‌బుక్కు పట్టుకుని వెళ్ళాను. వాడు ఎన్‌బీఏకి వెళ్తాడని కాదు, వాడికి అయిదడుగుల పది అంగుళాలు, ఆ సంగతి వాడికీ తెలుసు. కాలేజీలో ఆడాలని మాత్రం ఉంది. అక్క నా పక్కనే కూర్చుని ప్రతి బుట్టకీ లేచి చప్పట్లు కొడుతోంది. ఒకసారి వాడు స్క్రీన్ పెట్టి దెబ్బ తిన్నాడు, ఆ సందులోంచి ఇంకో కుర్రాడు వెళ్ళి వేశాడు. "ఒరే తమ్ముడూ, అందులో మనవాడి లెక్క ఏమీ ఉండదా?" అంది. ఉండదక్కా అన్నాను. "మరి ఎందుకు దెబ్బలు తినడం" అని మొహం ముడుచుకుంది.

మ్యాచ్ అయ్యాక కారులో వాడు పాయింట్లు అడగలేదు. "మామయ్యా, ఏం రాశావ్?" అన్నాడు. చదివాను. అయిదు స్క్రీన్లు, రెండుసార్లు పాస్‌కి వేలు తగిలింది, కింద పడ్డవాడిని లేపాడు, మూడో క్వార్టర్‌లో షాట్ పోయాక వెనక్కి పరిగెత్తకుండా నిలబడిపోయాడు. ఆ ఆఖరిదాని పక్కన "అలక" అని రాసుకున్నాను, అదీ చదివాను. వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "అప్పుడు కాంటాక్ట్ లెన్స్ జారిపోయింది మామయ్యా, అటువైపు ఏమీ కనబడలేదు" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ మాట కొట్టేశాను.